సోలెక్స్ కాలపు మరమ్మతు విద్య

పెట్రోలు ఇంజన్‌లోకి వెళ్లే గాలిలో పెట్రోలును తగిన పాళ్లలో తుంపరగా కలిపే పరికరం కార్బురేటర్. ఎలక్ట్రానిక్ ఇంజక్షన్ పద్ధతి స్థిరపడేవరకు, అంటే 1990ల చివరిదాకా, భారతదేశపు రోడ్ల మీద తిరిగిన పెట్రోలు కార్లు దాదాపు అన్నీ దీనిమీద ఆధారపడి నడిచినవే. అవి మొరాయించినప్పుడు అందరి అనుమానమూ మొదట వెళ్లేది దీనిమీదికే. మోటారు వాహనాల చరిత్ర రాసినవారు కర్మాగారాల స్థాపన, నమూనాల విడుదల, లైసెన్సుల విధానం, అమ్మకాల లెక్కలు వివరంగా నమోదు చేశారు గాని, ఆ కార్లను ముప్ఫై నలభై ఏళ్లపాటు రోడ్డు మీద నిలబెట్టిన మరమ్మతు విద్య గురించి రాసింది చాలా తక్కువ. ఆ విద్య పుస్తకాలలో కాక షెడ్డులో మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకున్నది కావడం ఇందుకు ఒక కారణం. చేతికి మసి అంటుకునే పనిని విద్యగా గుర్తించకపోవడం అంతకంటె పెద్ద కారణం.

ఈ పరికరం పుట్టుకలోనే దాని రోగాల మూలాలు కూడా ఉన్నాయి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో ఉన్నది ఉపరితల కార్బురేటర్, అంటే తొట్టిలో నిలవ ఉన్న ఇంధనం మీదుగా గాలిని పోనిచ్చి, దాని ఆవిరిని ఇంజన్‌లోకి తీసుకుపోయే ఏర్పాటు. ఇంధనంలో తేలికగా ఆవిరయ్యే అంశాలు ముందే ఎగిరిపోయి బరువైనవి అడుగున మిగిలిపోవడం వల్ల బండి కొంత నడిచాక మిశ్రమం పలుచబడేది. 1893 ప్రాంతంలో బుడాపెస్టులో దోనాత్ బాంకి, యానోష్ చోంకా కలిసి, జర్మనీలో విల్హెల్మ్ మేబాఖ్ విడిగా తుంపర పద్ధతిని రూపొందించడంతో ఈ చిక్కు తీరింది. దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: ఇంజన్ పీల్చుకునే గాలి ఒక ఇరుకైన గొంతులోంచి వెళ్లేటప్పుడు దాని వేగం పెరిగి, పీడనం తగ్గి, పక్కనున్న గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రం ద్వారా పైకి లేచి గాలిలో చెదిరిపోతుంది. ఆ గొంతును వెంచూరి అంటారు. ప్రవాహాల మీద 1797లో గ్రంథం ప్రచురించిన ఇటలీ శాస్త్రజ్ఞుడి పేరే దానికి నిలిచింది. సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి మరను జెట్ అని, పెట్రోలు గిన్నెను బౌల్ అని, ఆ గిన్నెలో తేలుతూ మట్టం పెరగగానే సూది మూతను పైకి నెట్టి పెట్రోలు రాకను ఆపే బోలు డబ్బాను ఫ్లోట్ అని, ఇంజన్‌కు వెళ్లే మిశ్రమాన్ని పెంచి తగ్గించే బిళ్లను థ్రాటిల్ అని షెడ్డులన్నింటా పిలిచారు. గిన్నెలో మట్టం, మరలో రంధ్రం, గాలి దారి అనే ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఇంజన్ మాట వినదు, కాబట్టి తరువాతి నూరేళ్ల మరమ్మతు అంతా ఈ మూడింటి చుట్టూనే తిరిగింది.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అయితే తెల్లవారుజామున చల్లబడి ఉన్న ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి, నిలకడగా పరుగెత్తేటప్పుడు తక్కువ చాలు, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు క్షణంపాటు అదనంగా అందాలి. ఇన్ని అవసరాలను ఒక్క రంధ్రం తీర్చలేదని తెలిశాక, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో రెండు దారులు ఏర్పడ్డాయి. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు తెచ్చిన ఎస్.యు. కార్బురేటర్‌లో గాలి లాగుడును బట్టి పైకీ కిందికీ కదిలే పిస్టను, దానికి తగిలించిన వాలు సూది కలిసి గొంతునూ రంధ్రాన్నీ ఏకకాలంలో పెంచి తగ్గిస్తాయి. చెప్పుల వ్యాపార కుటుంబం నుంచి వచ్చిన ఆ సోదరులు తొలి నమూనాలలో పిస్టనుకు బదులు తోలు తిత్తిని వాడారు. పారిస్‌లో గుదార్, మెనెసోన్ అనే ఇంజనీర్లు నడిపిన సోలెక్స్ సంస్థ గొంతును మార్చకుండా, ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క జెట్‌ను, ఒక్కొక్క సన్నని దారిని కేటాయించింది. భారతదేశంలో ఎక్కువగా పాతుకుపోయింది ఈ రెండో దారే.

స్వాతంత్ర్యానికి ముందు తెలుగు ప్రాంతాలలో కారు జమీందారులకు, పెద్ద వకీళ్లకు, తెల్ల అధికారులకు పరిమితమైన వస్తువు కాబట్టి డ్రైవరే మెకానిక్‌గా కూడా ఉండేవాడు. విస్తృతమైన వర్క్‌షాపు పని ప్రజా రవాణాతోనే మొదలైందని చెప్పవచ్చు. నిజాం రాజ్యంలో రైల్వే శాఖ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు వచ్చిన బొగ్గు బస్సులు ఈ చరిత్రలో విస్మరించరాని ఘట్టం. బస్సు వెనుక బిగించిన పొయ్యిలో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో కాల్చి, వచ్చిన వాయువును వడకట్టి, గాలితో కలిపి ఇంజన్‌కు అందించే ఆ పద్ధతిలో శక్తి బాగా తగ్గి, ఎత్తు ఎక్కేచోట ప్రయాణికులు దిగవలసి వచ్చేది. పెట్రోలు లేకుండానే ఇంజన్‌ను నడిపించిన ఆ తరం మెకానిక్‌లకు, ఇంజన్ కోరేది ఫలానా ద్రవాన్ని కాదని, మండే ఆవిరినీ గాలినీ సరైన పాళ్లలో మాత్రమేనని అనుభవంలో తెలిసివచ్చింది.

1953లో కేంద్ర ప్రభుత్వం, విడిభాగాలను దేశంలోనే తయారుచేసే ప్రణాళిక లేకుండా కేవలం బిగింపు పని చేసే కంపెనీలకు తలుపులు మూసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ దేశం విడిచి వెళ్లగా కార్ల రంగంలో ప్రధానంగా మూడు సంస్థలు మిగిలాయి: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో నమూనా ఆధారంగా 1957లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. ఫియట్ 1100 నుంచి వచ్చిన కారు 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుని శతాబ్దం చివరిదాకా నిలిచింది. కొత్త కారుకు ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన రోజులలో ఉన్న కారును వదులుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఒకే ఇంజన్, ఒకే తరహా సోలెక్స్ దశాబ్దాలపాటు మారకుండా ఉండడం కొనుగోలుదారుకు శాపమైనా మెకానిక్‌కు వరమైంది. ఒక పరికరాన్ని వేలసార్లు విప్పి బిగించినవాడికి దాని స్వభావం తయారీదారు ఇచ్చిన పుస్తకం చెప్పగలిగిన దానికంటె ఎక్కువగా తెలిసింది. కొరత లేకపోతే ఈ విద్య ఇంత లోతుకు వెళ్లి ఉండేది కాదు.

మరమ్మతులకు విజయవాడ ఆటోనగర్‌కు వచ్చిన పేరు లారీల వల్ల, అంటే డీజిల్ వల్ల వచ్చింది. డీజిల్ ఇంజన్‌కు కార్బురేటర్ ఉండదు, పంపు, నాజిల్ మాత్రమే ఉంటాయి, కాబట్టి డీజిల్ పంపు మెకానిక్‌లది వేరే వర్గం. కార్బురేటర్ పని ఊరి నడుమ, పెట్రోలు బంకుల పక్కన, వేపచెట్ల కింద ఉన్న చిన్న షెడ్లలో పెరిగింది. హైదరాబాదులో ఉస్తాద్ అని, కోస్తాలో మేస్త్రీ అని పిలిపించుకున్న పెద్ద మెకానిక్ దగ్గర పిల్లవాడు మొదట పానాలు అందించి, రేకు పళ్లెంలో పెట్రోలు పోసి భాగాలు కడిగి, ఏ మర ఎక్కడిదో కళ్లతో నేర్చుకుని, కొన్నేళ్లకు గాని స్క్రూ మీద చేయి వేసేవాడు కాదు.

ఆ మేస్త్రీల పద్ధతిలో మొదటి సూత్రం, కార్బురేటర్‌ను వెంటనే విప్పకపోవడం. ఇంజన్ వణికినా, పికప్ లేకపోయినా, మధ్యలో ఆగిపోయినా కారణం తరచుగా మంట వైపు, అంటే ప్లగ్గు, కండెన్సర్, కాంటాక్ట్ పాయింట్ల వైపు ఉండేది. పాయింట్లు అంటే డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రెండు లోహపు మొనలు. వాటి ఎడం ఒక మిల్లీమీటరులో సగం కూడా ఉండదు, అవి కాలిపోయి గుంటలు పడితే వచ్చే తడబాటు అచ్చంగా పెట్రోలు అందని తడబాటులాగే ఉంటుంది. అందువల్ల ప్లగ్గు విప్పి చూడడం పరీక్షకు ద్వారంగా ఉండేది. దాని మొన లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టు, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, సున్నం వేసినట్టు తెల్లబడితే గాలి ఎక్కువైనట్టు, పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వే పడనట్టు నిర్ణయించేవారు. ఖర్చు లేని ఈ పరీక్ష సరిగా చేసిన మెకానిక్‌కూ, వచ్చిన ప్రతి కారుకూ కార్బురేటర్ విప్పే మెకానిక్‌కూ ఉన్న తేడా కారు యజమానికి ఆ నెలలోనే తెలిసిపోయేది.

తప్పు నిజంగా కార్బురేటర్‌దే అయినప్పుడు, లక్షణం ఏ స్థితిలో కనిపిస్తోందన్నది రెండో ప్రశ్న. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే ఆగిపోయి వేగంలో బాగా నడిచే కారుకు ఐడ్లింగ్ జెట్‌లో, అంటే తీరికగా తిరిగే ఇంజన్‌కు పెట్రోలు ఇచ్చే అతి సన్నని దారిలో చెత్త పడిందని అర్థం. నిలబడి బాగుండి, వేగం పెంచితే గుంజుకుపోయే కారులో మెయిన్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా పెట్రోలు పంపు నుంచి బౌల్‌లోకి ఇంధనం చాలినంత రాకపోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం జావగారి తరువాత అందుకునే కారులో అనుమానం యాక్సిలరేటర్ పంపు మీదికి పోతుంది. ఇంజన్ ఆపి, గాలి వడపోత డబ్బా తీసి, గొంతులోకి చూస్తూ లివరును నొక్కితే సన్నని పెట్రోలు ధార కనిపించాలి, కనిపించకపోతే లోపలి రబ్బరు పొర గట్టిపడి చిరిగినట్టే. చల్లటి ఇంజన్ అంటుకోకపోతే చోకు దగ్గరికి వెళ్లాలి. గొంతుకు అడ్డంగా మూత వేసి గాలి తగ్గించే మామూలు చోకుకు బదులుగా, కొన్ని సోలెక్స్ నమూనాలలో సొంత జెట్టు, సొంత గాలి రంధ్రం ఉన్న చిన్న స్టార్టర్ ఏర్పాటు ఉండేది. దాని బిళ్ల అరిగి పూర్తిగా మూసుకోకపోతే కారు రోజంతా చోకు లాగినట్టే నల్లపొగ వదులుతూ తిరిగేది, తెలియని మెకానిక్ మెయిన్ జెట్‌ను తప్పుపట్టేవాడు.

ఓవర్‌ఫ్లో, అంటే బౌల్ నిండి పెట్రోలు బయటికి పొంగడం, ఆ రోజుల్లో అన్నింటికంటె ప్రమాదకరమైన రోగం. సూది మూత కొన అరిగి గాడి పడినా, దాని కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా, ఇత్తడి ఫ్లోటుకు సన్నని చిల్లు పడి లోపలికి పెట్రోలు చేరి అది మునిగినా ఫలితం ఒకటే. చిల్లును పట్టుకోవడానికి ఫ్లోటును వేడినీళ్లలో ముంచేవారు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి చిల్లు ఉన్నచోట బుడగలు లేస్తాయి. అక్కడ సోల్డరు వేసి మూయడం తేలికే గాని, సోల్డరు ఎక్కువైతే ఫ్లోటు బరువెక్కి, సూది మూత ఆలస్యంగా మూసుకుని, బౌల్‌లో మట్టం మళ్లీ పెరుగుతుంది. అందువల్ల మంచి మేస్త్రీ వేసిన సోల్డరును ఆకురాయితో గీకి తొలగించి, అతుకు నిలవడానికి చాలినంతే మిగిల్చేవాడు.

జెట్ల విషయంలో ఈ విద్యకున్న కట్టుబాటు మరీ కఠినమైనది. సోలెక్స్ జెట్టు మీద చెక్కిన అంకె రంధ్రపు వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతులలో చెబుతుంది. 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. 120 ఉన్నచోట 125 పెడితే వ్యాసంలో తేడా వెంట్రుక మందం కూడా ఉండదు, కాని రంధ్ర వైశాల్యం 8 శాతం దాటి పెరుగుతుంది. కాబట్టి మూసుకుపోయిన జెట్టును తీగతో గుచ్చకూడదని, పెట్రోలులో నానబెట్టి కంప్రెసర్ గాలితో ఊదాలని ఉస్తాదులు పిల్లలకు మొదటినుంచీ చెప్పేవారు. ఆ మాట విననివారి చేతిలో పడిన కార్లు ఎప్పటికీ మైలేజీ కోలుకోలేదు. పాత కార్లలో నేటికీ కనిపించే గుండ్రం చెదిరిన జెట్లు ఆ తొందరపాటుకు సాక్ష్యాలు.

అన్నింటిలో పట్టుకోవడం కష్టమైనది దొంగగాలి. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ప్యాకింగ్ చిరిగినా, అతిగా బిగించడం వల్ల అడుగు అంచు వంగినా, థ్రాటిల్ ఇరుసు అరిగి వదులైనా లెక్కలో లేని గాలి లోపలికి చొరబడి, ఐడ్లింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నడుస్తున్న ఇంజన్ అతుకుల దగ్గర కొద్దిగా నూనె వేసి, చప్పుడు మారిందేమో వినడం దీనికి పరీక్ష. అంచు వంగితే అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి దాని మీద రుద్ది సమం చేసేవారు. ఇరుసు అరిగితే లేత్ మీద ఇత్తడి బుష్ తయారుచేసి దించేవారు. కొత్త భాగం దొరకనిచోట పాతదాన్ని కొత్తదానితో సమానంగా నిలబెట్టిన ఈ పనిని సాంకేతిక చరిత్రలో చేర్చడానికి ఇంతకంటె ఆధారం అక్కరలేదు.

వాతావరణం, ఇంధనం తెచ్చిన చిక్కులు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనవి. పెట్రోలులోని తేలిక అంశాలు 40 డిగ్రీల లోపే ఆవిరి కావడం మొదలవుతుంది కాబట్టి, రోహిణి కార్తె ఎండలో ఇంజన్‌కు ఆనుకుని ఉన్న పంపులో, గొట్టంలో ఆవిరి బుడగలు నిండి పెట్రోలు రాక ఆగిపోయేది. దీన్ని ఎయిర్ లాక్ అన్నారు. పంపు మీద తడిగుడ్డ వేసి, నీళ్లు చల్లి, కాసేపు ఆగి బయలుదేరడం దారి పొడవునా కనిపించే దృశ్యం. రేషన్ కిరోసిన్‌కూ పెట్రోలుకూ ఉన్న ధరల తేడా కల్తీకి దారితీసింది. కిరోసిన్ త్వరగా ఆవిరి కాదు, పూర్తిగా కాలదు, కాబట్టి పొద్దున ఇంజన్ అంటుకోకపోవడం, ప్లగ్గులకు మసి, ఇంజన్ లోపల కొట్టుకునే చప్పుడు ఒకేసారి కనిపిస్తే మేస్త్రీ కార్బురేటర్‌ను ముట్టకుండా, పెట్రోలు ఎక్కడ పోయించారని అడిగేవాడు.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో ఈ రంగం తీరు మారింది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్‌కు జపాన్ తరహా కార్బురేటర్ వచ్చింది. మద్రాసుకు చెందిన కార్బురేటర్స్ లిమిటెడ్ జపాన్ మికునీ సంస్థతో కలిసి 1985లో యూకాల్ ఫ్యూయెల్ సిస్టమ్స్‌ను నెలకొల్పింది. చిన్న జెట్లు, చుట్టూ అల్లుకున్న వాక్యూమ్ గొట్టాలు సోలెక్స్‌కు అలవాటుపడిన చేతులకు లొంగలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు నాలుగు చక్రాల పెట్రోలు బండి ఐడ్లింగ్‌లో వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదని నిర్దేశించడంతో, చెవితో, ముక్కుతో చేసిన ట్యూనింగ్‌కు తొలిసారి అంకెల కొలమానం వచ్చింది. ఇది మేలే చేసింది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో యూరో కాలుష్య ప్రమాణాలను తప్పనిసరి చేయడం, మరుసటి ఏడాది అటువంటి ప్రమాణాలు దేశమంతటికీ రావడంతో, సెన్సర్ల సమాచారం బట్టి కంప్యూటరు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజక్షన్ పద్ధతి కొత్త కార్లలో స్థిరపడింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాల అమలుతో కొత్త ద్విచక్ర వాహనాల నుంచి కూడా కార్బురేటర్ చాలావరకు తప్పుకుంది. ఊపిరి పీల్చే ప్రజల ఆరోగ్యం దృష్ట్యా ఆ నిర్ణయాలను తప్పుపట్టడానికి వీలులేదు.

అయితే మిగిలి ఉన్న పాత కార్లకు ఈ విద్య అవసరం తీరలేదు, పైగా ఇటీవల పెరిగింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనమే ఇప్పుడు మామూలు బంకుల్లో దొరుకుతోంది. ఒక కిలో ఇథనాల్ కాలడానికి సుమారు 9 కిలోల గాలి చాలు కాబట్టి, ఈ కలయికకు కావలసిన పాలు 14.7 నుంచి 13.5 దరిదాపులకు దిగుతుంది. అంటే అదే గాలికి 8 శాతం పైగా ఇంధనం ఎక్కువ కావాలి. ఇంజక్షన్ కారులో కంప్యూటరు ఈ సవరణను చాలావరకు తానే చేసుకుంటుంది, కార్బురేటర్ కారులో మనిషి చేయాలి. 120 జెట్టు నుంచి 125కు మారితే పెరిగే వైశాల్యం ఇంచుమించు ఇంతే కావడం వల్ల, ప్లగ్గు తెల్లబడి, ఇంజన్ వేడెక్కి, ఎక్కేచోట జావగారిపోతున్న అంబాసిడర్‌కు ఒక అంకె పెద్ద జెట్టు వేసి చూడడం శాస్త్రానికి కట్టుబడిన చికిత్సే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో బౌల్ అడుగున తెల్లని బూజులాంటి తుప్పు చేరుతుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపు పొరలు ఉబ్బి మెత్తబడతాయి. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం, బండిని ఎక్కువ కాలం నిలిపేటప్పుడు బౌల్ ఖాళీ చేయడం తప్పనిసరి.

ఏ ఇంజన్‌కు ఏ జెట్టు, బౌల్‌లో మట్టం ఎంత, మిశ్రమం సర్దే స్క్రూ ఎన్ని చుట్లు, ఏ ఊరి ఎండకు ఏ సవరణ అన్న లెక్కలు ఇప్పటికీ వయసు మళ్లిన కొందరు మేస్త్రీల జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌ల ఆటోమొబైల్ విభాగాలు ఒక్క విద్యా సంవత్సరం తమ విద్యార్థులను ఈ షెడ్లకు పంపి, ఆ లెక్కలను మేస్త్రీల పేర్లతో సహా తెలుగులో రాయించి భద్రపరచాలి. పాత కారు ఉన్నవారు తమ బండి కార్బురేటర్ విప్పించినప్పుడల్లా జెట్ల అంకెలు, చేసిన మార్పులు, తేదీ ఒక పుస్తకంలో రాసి కారులోనే ఉంచుకోవాలి.